కొమరోలుకు కొత్త ఇంజిన్

కొమరోలు పడమటి వీధిలో నీటి ఎద్దడిని ఈ ఏడు పూర్తిగా కంప్యూటరీకరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఎద్దడి పాతదే. కంప్యూటరీకరణ మాత్రం సరికొత్తది. ఈ ఘనత గొర్రెల కోటమ్మ కొడుకు శివకృష్ణది. అతను బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లో నవారు మంచం మీద కూర్చుని వెబ్‌సైట్లు చేసి పంపే ఉద్యోగి. మూడేళ్లుగా అతనూ మరో పదహారు మందీ కలిసి ఒకే ఒక్క బటన్ మీద పనిచేస్తున్నారు. దాన్ని నొక్కితే ఏమవాలన్నది పైవాళ్లు ఇంకా తేల్చలేదు గానీ, నొక్కినప్పుడు నీలం కాస్తా ముదురు నీలంగా మారడం మాత్రం అద్భుతంగా ఉంటుందని శివకృష్ణే చెబుతాడు.

అంతకుముందు ఆ వీధిలో చీకటి యుగం నడిచింది. చెన్నయ్య అనే ఆసామి తన పొలంలో బావి మీద ఆయిలింజిన్ పెట్టి నీళ్లు తోడి, ట్రాక్టరు ట్యాంకరుతో వీధిలో పోసేవాడు. అతని ఇంటి గోడకు మార్కాపురం పలక ఒకటి వేలాడేది. ఏ రోజు ఎవరి వంతో దాని మీద సుద్దముక్కతో రాసేవాడు, వంతు అయిపోతే వేలితో తుడిచేవాడు. పద్దెనిమిదేళ్లలో ఆ పలక ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు, పాస్‌వర్డ్ అడగలేదు, కుకీలకు ఒప్పుకుంటారా లేదా అని దారినపోయే వాళ్లను నిలదీయలేదు. ఇంత వెనకబడిన పద్ధతితో జనం ఎలా నెట్టుకొచ్చారా అని శివకృష్ణకు జాలేసేది.

పలకకు లోపం ఒక్కటే, అది మేకలకు అందే ఎత్తులో ఉంది. ఎండలు మొదలైన రోజుల్లో ఓ మేక వచ్చి సుద్ద రుచి చూసి పై వరుసను శుభ్రంగా నాకేసింది. పోయిన పేరు కోటమ్మది. మేక కూడా కోటమ్మదే. ఆ పొద్దు నీళ్లు పక్కింటికి పోయాయి. కోటమ్మ ముప్పై నాలుగు గొర్రెలూ ఖాళీ తొట్టి చుట్టూ నిలబడి అరిచాయి. చెన్నయ్య ఆ పలకను రెండు జానలు పైకి కొట్టుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అప్పటికే శివకృష్ణ నోట "డేటా లాస్" అన్న మాట వచ్చేసింది.

"నువ్వు చేసేదేందో నాకు తెలవదు రా," అన్నది కోటమ్మ. "ఈ ఎండాకాలం దాటేదాకా నాకు రోజు మార్చి రోజు నీళ్లు రావాల. రెండు వంతులు తప్పినాయంటే జీవాలు నిలవవు. కంభం చెరువు కిందికి మీ పెద్దమ్మ కాడికి తోలుకోని పోవాల్సిందే. నా వంతు మాత్రం పోగొట్టబాక."

"పోదు మా. వెబ్‌సైట్ పెడతా. దాన్ని ఏ మేకా నాకలేదు," అని శివకృష్ణ మాటిచ్చినాడు.

వీధిలో ఇళ్లు పందొమ్మిది, అందులో రెండింటికి తాళాలు. పందొమ్మిది పేర్లు ఒక పేజీలో రాసి పెట్టడం ఒక పూట పని. ఆ సంగతి శివకృష్ణకూ తెలుసు, తెలుసు కాబట్టే సిగ్గుపడ్డాడు. ఒక పూటలో అయిపోయే పనికి ఇంత చదువెందుకు? అందుకని పది కోట్ల మంది ఒకేసారి వచ్చి కోటమ్మ వంతు ఎప్పుడని అడిగినా తట్టుకునేలా కట్టడం మొదలుపెట్టాడు. పందొమ్మిది పేర్లు చూపించడానికి అతని కంప్యూటర్‌లోకి ఎవరెవరో రాసి పెట్టిన పదమూడు వందల ప్యాకేజీలు దిగాయి. వాటిలో ఒకటి, మనం ఇచ్చిన అంకె సరిసంఖ్యో బేసిసంఖ్యో చెప్పి ఊరుకునేది. రోజు మార్చి రోజు వచ్చే నీళ్లకు అలాంటిది ఉండాల్సిందేనని అతను తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

ఉగాదికి సైటు సిద్ధమైంది. అదే పొద్దున ఎవరో గడ్డపాయన ఇంటర్నెట్‌లో వీడియో పెట్టి, మీరు సైట్లు కట్టడానికి వాడే పనిముట్లు పాతబడిపోయాయి, ఇంకా వాటితోనే పనిచేసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది అన్నాడు. తనను చూసి నవ్వే మనిషి ఏ దేశంలో ఉన్నా శివకృష్ణ తట్టుకోలేడు. పాత పనిముట్టు సైటును కట్టడానికి తొమ్మిది సెకన్లు తీసుకునేది, కొత్తది కన్ను మూసి తెరిచేలోగా కట్టేసేది. ఆ తొమ్మిది సెకన్లు మిగుల్చుకోవడానికి అతను పదకొండు రోజులు కష్టపడ్డాడు. రోజుకు ఎనిమిది గంటల పని లెక్కన ఆ పదకొండు రోజులు తిరిగి రాబట్టుకోవాలంటే సైటును సుమారు ముప్పై అయిదు వేల సార్లు మళ్లీ కట్టాలి. ఆ దిశగా అతని కృషి ఇప్పటికీ కొనసాగుతున్నది.

"ఇంగా కాలేదా రా?" అని కోటమ్మ అడిగేది.

"ఇప్పుడు అందరూ రస్ట్ అనే భాషలో రాసిన పనిముట్లు వాడుతున్నారు మా."

"రస్టంటే?"

"తుప్పు."

"తుప్పుపట్టినవి నీకెందుకు రా?"

"అట్ల కాదు మా. నోడ్ అని ఒకటుండె. అది తీసేసి బన్ పెడుతున్నా."

కోటమ్మకు ఇన్నాళ్లకు ఒక ముక్క అర్థమైంది. "ఆ బన్నేదో నాలుగు తీసుకురా, టీలో అద్దుకుంటా," అన్నది.

ఇంతలో మే నెల వచ్చింది. పలక మీదే వంతులు నడుస్తున్నాయి. కోటమ్మకు నీళ్లు సక్రమంగా అందుతున్నాయి. ఈ అన్యాయం ఎన్నాళ్లో సాగలేదు. జావాస్క్రిప్ట్ అనే భాషలో మనం రాసింది చదివి కంప్యూటర్ చేత పనిచేయించే భాగం ఒకటి ఉంటుంది, దాన్ని ఆ వృత్తిలో ఇంజిన్ అంటారు. ఆ వారం కొత్త ఇంజిన్ ఒకటి విడుదలైంది. శివకృష్ణ దాన్ని సైటుకు తగిలించి చూశాడు. ఆనందం ఆపుకోలేక వీధి వాట్సాప్ గ్రూపులో ఇలా ప్రకటించాడు: "కొత్త ఇంజిన్ పెట్టినా. పాతదాని మీద అయిదింతలు స్పీడు. ఇంక పాత ఇంజిన్‌తో పనిలేదు."

ఈ మాట బెంగుళూరులో రాసి ఉంటే పదిమంది చప్పట్ల బొమ్మ పెట్టి తమ పని తాము చూసుకునేవాళ్లు. కొమరోలులో ఇంజిన్ అంటే ఇంజినే. డీజిల్ పోసి హ్యాండిల్ తిప్పితే దడదడలాడి నీళ్లు కక్కేది. వీధి వీధంతా పండగ చేసుకుంది.

నీటి కమిటీ అధ్యక్షులు, ఎరువుల దుకాణం యజమాని చెన్నకేశవులు గారు వెంటనే సభ పెట్టించారు. "సోదర సోదరీమణులారా! అయిదింతల వేగం గల అధునాతన ఇంజిన్‌ను మన బిడ్డ మన వీధికి తెచ్చినాడు. పైసా ఖర్చు లేకుండా తెచ్చినాడు. ఒక ట్యాంకరు నిండే సమయంలో ఇకమీదట అయిదు ట్యాంకర్లు నిండుతాయి. ఇలాంటి ఇంజిన్ గిద్దలూరులో లేదు, మార్కాపురంలో కూడా లేదని సగర్వంగా మనవి చేస్తున్నాను!"

ట్యాంకరు మాట చెవిన పడగానే శివకృష్ణకు జరిగిన పొరపాటు అర్థమైంది. ఇది ఆ ఇంజిన్ కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే భుజాల మీద శాలువా పడింది. శాలువా కప్పించుకున్న మనిషి ఆ నిమిషంలోనే సాంకేతిక వివరాల్లోకి దిగడం సభామర్యాద కాదు. పైగా బటన్ మీద మూడేళ్లు పనిచేసినా ఇంతవరకు అతనికి ఎవరూ శాలువా కప్పలేదు. రేపు చెబుదాంలే అనుకుని నమస్కారం పెట్టాడు.

ముందు వరుసలో కూర్చున్న చెన్నయ్య మాత్రం రేపటిదాకా ఆగలేదు. తెల్లారగానే బావి మీది పాత ఆయిలింజిన్‌ను గిద్దలూరు వైపు రైతు ఒకడికి అమ్మేశాడు. ఇక వంతులన్నీ ఫోన్లోనే అన్నారు కదా అని గోడ మీది పలకను దించి కుడితి తొట్టికి మూతేశాడు.

సోమవారం సైటు ప్రారంభమైంది. పదకొండు మిల్లీసెకన్లలో తెరుచుకుంది. నీటిచుక్క ఒకటి పైనుంచి జారి, అలలు లేచి, వాటి మధ్యలోంచి "కోటమ్మ గారూ, మీ వంతు వచ్చింది" అన్న అక్షరాలు తేలాయి. ఆ అలల కోసమే అతను నాలుగు రోజులు పడ్డాడు. కోటమ్మ తొట్టి కడిగి పెట్టి, గొర్రెల్ని దొడ్లో నిలబెట్టి కూర్చుంది. మధ్యాహ్నమైనా ట్యాంకరు రాలేదు. ఆమె చెన్నయ్య ఇంటికి పోయేసరికి అతనే ఎదురొచ్చినాడు.

"నేనే మీ ఇంటికి వస్తాండాను కదక్కా. అల్లుడు ఆ కొత్త ఇంజిన్ యాడ దించినాడో చూపిస్తే, డీజిల్ పోసి మొదలుపెడదామని."

శివకృష్ణ మంచం మీదున్న ల్యాప్‌టాప్ చూపించాడు. చెన్నయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, తిరగేశాడు, పక్కనున్న చిన్న చిన్న కన్నాల్లోకి తొంగి చూశాడు.

"దీనికి పైపు యాడ తగిలియ్యాల అల్లుడా?" అని అడిగాడు.

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. మూడేళ్ల ఉద్యోగంలో శివకృష్ణను ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

గిద్దలూరు రైతు ఇంజిన్‌ను అప్పటికే తన బావికి బిగించేసుకున్నాడు, ఎంత బతిమాలినా వెనక్కి ఇవ్వనన్నాడు. బుధవారం వంతు కూడా తప్పింది. నీళ్లు అందితే గానీ సైటు కోటమ్మ పేరు దాటి పక్క పేరుకు జరగదు. గురువారం పొద్దున్నే కోటమ్మ సద్ది కట్టుకుని, నడవలేని గొర్రెపిల్లను భుజాన వేసుకుని, మందను రోడ్డెక్కించింది. కంభం చెరువు కిందికి మూడు రోజుల నడక. బోర్లున్న తోటల వాళ్లను తొట్టెడు నీళ్లకు బతిమాలుకుంటూ పోవాలి. గడప దాటబోతూ కొడుకు వైపు తిరిగింది.

"ఒరే శివా, దాంట్లోనుంచి నా పేరు తీసెయ్. నేనెట్లాగూ ఉండను. నీళ్లొచ్చిన పొద్దు ఎనకాల వాళ్లకన్నా వంతు వస్తుంది."

శివకృష్ణ తలదించుకున్నాడు. "తీసేసే బటన్ ఇంకా పెట్టలేదు మా. తర్వాతి వెర్షన్లో వస్తుంది."

"పలక మీదుంటే మేక గూడా తుడిసేది గదరా," అన్నది కోటమ్మ. కోపంగా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మంద వీధి మలుపు తిరిగేదాకా అతను అలాగే నిలబడి ఏడ్చాడు.

ఆ సాయంత్రం కమిటీ మళ్లీ సమావేశమైంది. జనం కోపంగా వచ్చారు. చెన్నకేశవులు గారు గొంతు సవరించుకున్నారు. "సోదరులారా! ఆవేశం వద్దు. పోయినేడు ఏం జరిగేది? నీళ్లు రావన్న సంగతి తెలియడానికి పొద్దుగూకేదాకా బిందెలు పట్టుకుని రోడ్డు మీద నిలబడేవాళ్లం. ఈ పొద్దు? ఫోన్ తెరుస్తాం, ఇంకా కోటమ్మ వంతే నడుస్తా ఉందని తెలుస్తుంది. మనకు నీళ్లు లేవన్న సమాచారం పదకొండు మిల్లీసెకన్లలో, ఇంటి నీడలో, ఉచితంగా! అభివృద్ధంటే ఇంకేంది?"

జనం ఆలోచించారు. అధ్యక్షులు చెప్పినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. ముందు ఒకరు, తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. చెన్నయ్య కొట్టాడు. శివకృష్ణ కూడా కొట్టాడు.

తీసేసే బటన్ ఇప్పుడే పెట్టేస్తానని ఒట్టు పెట్టుకుని అతను ఇంటికొచ్చినాడు. దాహంతో గొంతు పిడచగట్టుకుపోయింది. బిందెలో గ్లాసు ముంచితే అడుగుకు తగిలి ఖంగుమంది. ల్యాప్‌టాప్ తెరిచేసరికి గడ్డపాయన మరో వీడియో పెట్టి ఉన్నాడు. ఇంకో కొత్త ఇంజిన్ వచ్చిందట, పదకొండు మిల్లీసెకన్లు పట్టే పని ఏడులో చేస్తుందట. బటన్‌దేముంది, రేపైనా పెట్టొచ్చు. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి డౌన్‌లోడ్ నొక్కాడు.

అతన్ని చూసి నవ్వొస్తే నిరభ్యంతరంగా నవ్వండి. కాకపోతే నవ్వే ముందు మీ ఫోన్ తీసి, మీ వీధి కుళాయి కోసం ఎన్ని యాప్‌లు పెట్టుకున్నారో లెక్క చూసుకోండి. తర్వాత లేచి వెళ్లి, ఆ కుళాయి ఒకసారి తిప్పి చూడండి.