సూపరింటెండెంటుగారి లేబుల్

పదింటికల్లా హాల్ టికెట్లు కాలేజీ వెబ్‌సైట్లో పెట్టేసి, తర్వాత తీరిగ్గా కాఫీ తాగాలనుకుంది కంప్యూటర్ ఆపరేటరమ్మ. ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ మేడమ్ ఆమె ఉద్యోగాన్ని పర్మినెంట్ చేస్తూ సంతకం పెట్టాలి. కానీ పదీ ఐదుకే ఫోన్లు మొదలయ్యాయి. హాల్ టికెట్ మీద నొక్కితే ఫొటో, నంబరు రావాల్సిన చోట బ్రౌజర్ నిండా పిచ్చి గుర్తులు వస్తున్నాయట. పరీక్ష చూస్తే రేపే.

"నీ ఫైళ్లు చెడిపోయాయమ్మా," అన్నారు ఆఫీసు సూపరింటెండెంటుగారు.

"చెడిపోలేదు సార్. నా కంప్యూటర్లో చక్కగా తెరుచుకుంటున్నాయి. సైట్లోంచి తీస్తేనే ఇలా వస్తోంది."

"పేరు చివర పీడీఎఫ్ తోక ఉందా?"

"ఉంది సార్."

"రెండుసార్లు తగిలించు."

తగిలించింది. పిచ్చి గుర్తులు చెక్కుచెదరలేదు. ఇంతలో ఎవరో తండ్రి ఫోన్ చేసి వైరస్ అన్నాడు. సూపరింటెండెంటుగారు పరుగున వెళ్లి ల్యాబ్‌లో ప్లగ్గులన్నీ పీకేశారు. అది చూసి, ప్రశ్నపత్రమే రహస్య లిపిలో బయటికొచ్చిందని హాస్టల్లో పుకారు లేచింది. పిల్లలు ఆ గుర్తుల్ని శ్రద్ధగా నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకోసాగారు. ఏడాది పొడుగునా లేని శ్రద్ధ అది.

సూపరింటెండెంటుగారు 'ఆపరేటరు నిర్లక్ష్యం' అని మెమో రాసి, స్కాన్ చేసి, లోకమంతా చూడాలని దాన్నీ సైట్లో పెట్టారు.

"మధ్యాహ్నంలోగా తప్పు ఒప్పుకుంటూ రాసివ్వు. లేదంటే ఆ సంతకం మీద ఆశ వదులుకో."

ఆమెకు ఒళ్లు మండింది.

"చెయ్యని తప్పు ఒప్పుకోను సార్. ఉద్యోగం పోతే పోనివ్వండి."

తన సీట్లో కూర్చుని సైటు సెట్టింగులు తెరిచింది. బ్రౌజర్‌కి పేరు చివరి తోకతో పెద్దగా పనిలేదు. ఇది ఫలానా రకం ఫైలు అని సైటు పంపే లేబుల్‌నే అది నమ్ముతుంది. అనుమానమొస్తే లోపలికి కూడా తొంగి చూస్తుంది. ఇక్కడ ప్రతి ఫైలుకీ 'సాదా అక్షరాలు' అని లేబుల్ వేసి ఉంది. దాని కిందే 'లోపల చూసి ఊహించవద్దు' అన్న గడిలో టిక్కు. అందుకే బ్రౌజర్ ఫొటోనీ అక్షరాలుగానే చదివి పిచ్చి గుర్తులు చూపిస్తోంది. పక్కన, నిన్న సాయంత్రం ఆ మార్పులు చేసినవారి హోదా.

ఆపరేటరమ్మ వెళ్లి ప్రిన్సిపాల్ మేడమ్‌ని వెంటబెట్టుకొచ్చింది.

"ఇది మీరు మార్చారా?" అడిగారు మేడమ్.

"ఆఫీసు ఫైళ్లన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయని..." నసిగారు సూపరింటెండెంటుగారు.

"మరి ఈ టిక్కు?"

"మనం ఒక మాట చెప్పాక, బయటివాళ్లు లోపలికి తొంగి చూడటమేంటి మేడమ్?"

మేడమ్ ఆపరేటరమ్మ వైపు తిరిగారు. "సరిచెయ్యమ్మా."

"రెండు నిమిషాల పని మేడమ్. ముందు తప్పు తనదని సార్ రాసివ్వాలి."

మేడమ్ ఒక తెల్లకాగితం సూపరింటెండెంటుగారి ముందుకు జరిపారు. ఆయన రాశారు.

మధ్యాహ్నానికి హాల్ టికెట్లన్నీ ఫొటోలతో సహా తెరుచుకున్నాయి. సాయంత్రం సంతకమూ పడింది. లేబుల్ మార్చకుండా ఆమె వదిలేసింది ఒక్క ఫైలునే. సూపరింటెండెంటుగారి మెమో ఇప్పటికీ సైట్లోనే ఉంది, చదవగలిగినవాళ్లే ఇంతవరకు దొరకలేదు.