మా కాన్ఫరెన్స్ ఎందుకు గొప్పదంటే

మంచు తీసే మున్సిపాలిటీ బండి మీద నాకో ఫిర్యాదుంది. రోడ్డంతా శుభ్రంగా గీకి, ఆ మంచు తెచ్చి సరిగ్గా మా కారు దారికడ్డంగా నడుమెత్తు గుట్ట పోసి పోతుంది. మిన్నెసోటాలో అందరికీ ఉన్న బాధే. కానీ ఆ గుట్టే లేకపోతే నేనూ, పక్కింటి ఎల్రాయూ పారలు పట్టుకుని బయటికొచ్చేవాళ్ళమా? మేం రాకపోతే, కాలేజీ ఐస్ హాకీలో ఏ కాన్ఫరెన్స్ గట్టిదో ఈ దేశానికి తెలిసేదా!

నవ్వకండి. ఈ వాదనంత ఆరోగ్యకరమైన అలవాటు ఇంకోటి లేదు.

కాన్ఫరెన్స్ అంటే ఏముంది, చలికాలమంతా తమలో తామే మంచు మీద కొట్టుకునే ఓ పది కాలేజీల గుంపు. ఈ గుంపు ఆ గుంపుతో ఆడేది ఏడాదికి నాలుగైదు ఆటలు. అంటే ఎవరు గొప్పో తేలే ప్రమాదమే లేదు! తేలని విషయమంత హాయి ఇంకేముంటుంది చెప్పండి? వాతావరణం గురించి మాట్లాడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. బీపీ అయితే పది. మా గొడవ పదకొండు చలికాలాలుగా నడుస్తోంది. ఇంతవరకు ఒకరి మోకాలి ఆపరేషన్ గురించి ఒకరం అడగాల్సిన అవసరం రాలేదు!

నాది ఉత్తరాది కాన్ఫరెన్స్, అతనిది తూర్పు తీరం. మావాళ్ళు గెలిస్తే మా కాన్ఫరెన్స్ గట్టిది. ఓడితే? ఓడించింది కూడా మా గుంపువాళ్ళే కదా, అంటే ఇంకా గట్టిది! మా గుంపులోనే ఉన్న పక్క ఊరి కాలేజీ అంటే నాకు నలభై ఏళ్ళుగా ఒళ్ళుమంట. అయినా వాళ్ళు తూర్పువాళ్ళతో ఆడినప్పుడు వాళ్ళ జెండా ఊపాను. పళ్ళు నూరుకుంటూ ఊపాననుకోండి.

మొన్న శనివారం మూడింటికి మా అమ్మాయి బ్రిట్టా కాలేజీ తరఫున ఆడే ఆఖరి ఆట. ఆఖరి ఏడాది పిల్లల్ని ఆటకి ముందు ఒక్కొక్కరినీ పిలుస్తారు. అమ్మా నాన్నా చెరో చెయ్యి పట్టుకుని మంచు మీదికి నడిపిస్తారు. ఓ పువ్విస్తారు, ఫొటో తీస్తారు. జన్మకి ఒక్కసారే.

"రెండింటికల్లా కారు బయటికి రావాలి. ఎల్రాయ్‌తో మాట్లాడావో, చూస్కో!" అంది మా ఆవిడ లవాన్.

నేను మాట్లాడలేదు. అతనే మాట్లాడాడు.

"అక్టోబర్లో మా అట్టడుగు టీం చేతిలో మీవాళ్ళు తన్నులు తిన్నారటగా?"

"ఆ టీంని కొట్టినవాళ్ళని మావాళ్ళు కొట్టలేదూ?"

"ఏదీ, రాసి చూపించవయ్యా!"

పార కొసతో మంచు మీద రాశాను. ఎవర్ని ఎవరు కొట్టారో బాణాలు గీసుకుంటూ మా దారి దాటి, వాళ్ళ దారి దాటి, వీధి మూలకి చేరాం. అక్కడ అద్భుతం తేలింది. లెక్క ప్రకారం మావాళ్ళు మావాళ్ళకంటేనే రెండు గోల్స్ గట్టి!

తలెత్తేసరికి మూడూ ఇరవై. గుట్ట గుట్టలాగే ఉంది. లవాన్ బూట్లేసుకుని ఎప్పుడో నడిచెళ్ళిపోయింది. మా బాణాలు తొక్కుకుంటూనే వెళ్ళింది, అడుగులు కనిపిస్తున్నాయి.

పరుగెత్తాను. పూలూ ఫొటోలూ అయిపోయాయి. మైకులో నా పేరు రెండుసార్లు పిలిచారట. నేను రాకపోయేసరికి, మంచు చదును చేసే బండి దిగి ముసలి వెండెల్ వచ్చి పిల్ల చెయ్యి పట్టుకున్నాడట!

ఆ ఫొటో ఇప్పుడు మా ఫ్రిజ్ మీదుంది.

"ఆ వెండెల్ చదివింది ఏ కాన్ఫరెన్సో తెలుసా? అన్నిటికంటే నాసిది!" అన్నాను.

బ్రిట్టా పెన్ను తీసింది. ఫొటో కింద ఓ పట్టిక అంటించింది. తండ్రుల పట్టిక! మొదటి స్థానం వెండెల్, ఆడినవి ఒకటి, గెలిచినవి ఒకటి. రెండో స్థానం మా కుక్క. మూడు నేను.

"ఇదేం అన్యాయమే! నీకు స్కేట్స్ లేసులు కట్టింది నేను కాదూ? తెల్లారకుండా పద్నాలుగేళ్ళు ప్రాక్టీసుకి దింపింది ఎవరు? నా షెడ్యూల్ ఎంత కష్టమైందో చూడవే!"

"అవన్నీ సొంత గుంపులో ఆటలు నాన్నా. ఎవరు గట్టో తేల్చడానికి పనికిరావు."

పాఠకులారా, మే నెలలో బ్రిట్టాకి పట్టా ఇస్తున్నారు. వెండెల్‌కి పిలుపు వెళ్ళిపోయింది. కుక్కకీ వెళ్ళేలా ఉంది. ఈలోగా పట్టికలో పైకెక్కే దారేదైనా ఉంటే చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటాను. మే నెలకి మంచు ఉండదనుకోండి.

కానీ ఎల్రాయ్ ఉంటాడు.