లైను తెగిన బోర్డులు

నేమ్‌ప్లేట్ల వ్యాపారి ఆ ఉదయం వేసుకున్న లెక్క సులువైనదే. ఒక పెద్ద ఆఫీసుకు రెండు బోర్డులు చెక్కించి పంపాలి. నచ్చితే ఆ ఆఫీసు శాఖలన్నిటి పనీ తనది. నచ్చకపోతే ఎదురు దుకాణానిది.

బోర్డు మీది మాటలను మౌస్ పనిచేయని నల్లతెర ఎడిటర్లో టైపు చేయాలి. చెక్కే యంత్రం ఆ ఫైలు చదువుతుంది. ఒక లైనుకు ఒక బోర్డు చేస్తుంది.

“లైను తెర దాటిపోతోంది కదా బావా, ఎలా చదువుతున్నావు?” అన్నాడు బావమరిది.

“అక్షరాలు పెద్దవి పెట్టుకున్నాను. కళ్ళు నీవా, నావా?”

“అది ఎడిటర్ చేసినవాళ్ళిచ్చిన సెట్టింగు. మనకి తగ్గట్టు మార్చుకోవాలి.”

బావమరిది సెట్టింగుల ఫైల్లో ఒక ముక్క చేర్చాడు. ఆ తర్వాత వ్యాపారి టైపు చేస్తుంటే, అంచు రాగానే లైను దానంతటదే కిందికి దిగింది. చూపుకే దిగిందనుకుని మురిసిపోయాడు వ్యాపారి. యంత్రం అలా అనుకోలేదు; రెండు లైన్లను నాలుగుగా చదివి, నాలుగు బోర్డులు చెక్కింది.

మర్నాడు పొద్దున్నే బోర్డులు బిగించే మనిషి ఆఫీసులో పొట్లం విప్పి, నాలుగు తలుపులు వెతుక్కున్నాడు. వీధి తలుపుకు ‘లోపలికి రాకూడదు’. అధికారి గదికి ‘అనుమతి లేనివారు’. స్టోరు గదికి ‘దయచేసి పిలిచేవరకు’. మరుగుదొడ్డికి ‘ఇక్కడే కూర్చోండి’.

మధ్యాహ్నం ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసి నాలుగూ చదివి వినిపించాడు. వ్యాపారి బిగించే మనిషి మీద విరుచుకుపడ్డాడు.

“నాలుగిచ్చారు, నాలుగు బిగించాను. రెండు జేబులో వేసుకోమంటారా?”

వ్యాపారి అతన్ని వదిలేసి తన భార్య మీద పడ్డాడు. “మీ తమ్ముడు ఇక ఈ దుకాణం మెట్టెక్కితే ఒట్టు!” ఆ ఊపులోనే సెట్టింగుల ఫైలు మొత్తం చెరిపేశాడు. తెలుగు కనిపించేలా ఎప్పుడో చేయించుకున్న సెట్టింగూ అందులోనే ఉండేది. తెర మీద అక్షరాలన్నీ ఖాళీ గళ్ళయిపోయాయి.

అంతలో అధికారే ఫోన్ చేశాడు.

“పొద్దుట్నుంచి వీధి తలుపు దాటి ఒక్కరూ రాలేదండీ. పేరుకుపోయిన ఫైళ్ళన్నీ అయిపోయాయి. నా గదిది మాత్రం మార్చండి, స్టాఫ్ నవ్వుతున్నారు. శాఖలన్నిటికీ మీరే చేయండి. రేపటికల్లా కావాలి.”

వ్యాపారి తెర మీది గళ్ళకేసి చూసి, బావమరిదికి ఫోన్ కలిపాడు.

“ఒకసారి వచ్చి వెళ్తావా?”

“రావడానికేం బావా. నీ ఒట్టు సంగతి అక్క చెప్పింది. నేను మెట్టెక్కొచ్చో లేదో తననే అడుగు.”

అక్క అప్పటికే పక్కకొచ్చి, ఫోన్ స్పీకర్ ఆన్ చేసి, కుర్చీ లాక్కుంది.