హెచ్చరిక పడవలసిన చోట్లు

మనిషి తాగితే పాడయ్యేది కాలేయం ఒక్కటే. అదే సినిమాలో తాగితే సమాజం యావత్తూ పాడైపోతుంది. అందుకని కాలేయాల్ని వాటి మానాన వదిలేసి, సమాజాన్ని కాపాడే బరువు తెర హెచ్చరికల విభాగం తన నెత్తిన వేసుకుంది. తెర మీద సీసా కనిపించిందంటే చాలు, కుడి మూల 'మద్యం ఆరోగ్యానికి హానికరం' అని పడి తీరాలి. అది పడ్డాక ఇంక ఎవరూ తాగరు. (విభాగం వారి సాయంత్రపు విందులకు ఈ నిబంధన వర్తించదు. అక్కడ తెర ఉండదు.)

ఈ విభాగం గడప తొక్కిన మన దర్శకురాలిది ఇదే మొదటి సినిమా. అందులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. చెల్లి పొద్దస్తమానం తాగుతుంది, అక్క పొద్దస్తమానం ఓర్చుకుంటుంది. ఈ కథ ఎక్కడిదని ఎవరైనా అడిగితే దర్శకురాలు "అంతా ఊహేనండీ" అనేది. అడగకపోతే "మా ఇంటిదే" అని తనే చెప్పేది.

ఆ ఇంటి చెల్లి తాగుడు మానేసి, ఇప్పుడు అక్క ఎడిటింగ్ గదిలోనే హెచ్చరికలు అతికించే పనిలో ఉంది. ఆ పనికి ఆమెను మించినవాళ్ళు దొరకరు. ఏ సీసా ఎక్కడ దాగుందో దాచినావిడకే కదా తెలిసేది.

సినిమా మొత్తమ్మీద చెల్లి కోరింది ఒకే ఒక్కటి.

"అక్కా, ఆ ఆస్పత్రి సీను తీసెయ్యవే. అది ఉంటే నేను హాల్లో కూర్చోలేను."

"పిచ్చిదానా, సినిమాకి ప్రాణమే అది! జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది అక్కడే."

ఆ సీనులో తల్లి చావుబతుకుల మధ్య ఉంటుంది. తాగొచ్చిన చెల్లి పొరబాటున పక్క గదిలోకి దూరి, ముక్కూ మొహం తెలియని ముసలావిడ కాళ్ళు పట్టుకుని "ఇంక తాగనమ్మా, ఒట్టు" అని భోరుమంటుంది. ముసలావిడ జడుసుకుంటుంది. ఆవిడ కొడుకులేమో, ఆస్తికి ఇంకో వాటాదారు పుట్టుకొచ్చిందేమోనని గుసగుసలాడుకుంటారు. ఈలోపు అసలు గదిలో అసలు తల్లి కన్నుమూస్తుంది. అది రాసేటప్పుడు దర్శకురాలికి నవ్వాగలేదు.

హెచ్చరికల అధికారి సినిమా చూడటానికి ఎడిటింగ్ గదికే వచ్చాడు. సీసాలన్నిటికీ హెచ్చరిక పడిందని సంతోషించి, ఫ్లవర్‌వాజుకి కూడా వెయ్యమన్నాడు.

"వాజుకెందుకు సార్?"

"చెల్లి అందులో పోసి దాచుకుంది కదమ్మా."

ఆ తర్వాత దగ్గుమందుకి వెయ్యమన్నాడు. ఖాళీ గ్లాసుకి, చివరికి బాత్రూమ్ తలుపుకి కూడా వెయ్యమన్నాడు. దేన్ని చూడగానే తాగేవాళ్ళ చెయ్యి గ్లాసు మీదికి పోతుందో అదే హానికర పదార్థమని నిబంధనల్లో స్పష్టంగా ఉందట. దర్శకురాలు అన్నిటికీ తలాడించింది. నిబంధనలంటే ఆవిడకి మహా గౌరవం, అవి చెల్లి మీద పడుతున్నంతసేపూ.

ఇంతలో అధికారి బొమ్మ ఆపించాడు.

"ఇక్కడా పడాలమ్మా."

"ఇక్కడ సీసా లేదుగా సార్. అక్క ఒక్కతే ఉంది."

"నేననేదీ అదే. ఆవిడ గదిలోకి అడుగు పెట్టినప్పుడల్లా చెల్లి గ్లాసు అందుకుంటోంది. మొదట నేనూ నమ్మలేదు, వెనక్కి తిప్పించి మళ్ళీ చూశాను. నిబంధన ప్రకారం అక్క కూడా పదార్థమే."

అధికారి తాపీగా ఆస్పత్రి సీను పెట్టించాడు.

"తలుపు దగ్గర నిలబడ్డది అక్కే కదా? చెల్లి తప్పు గదిలో ఏడుస్తుంటే చూస్తూ ఉండిపోయిందే. పిలవలేదేం?"

"ఫ్రేము బాగుంటుందనండీ."

"ఫ్రేము మాట సరేనమ్మా. పిలిచి ఉంటే ఆ పిల్లకి తల్లి ఆఖరి చూపు దక్కేది కదా."

మెషీను ముందున్న చెల్లి ఇటు తిరిగింది.

"ఆ తలుపు సంగతి నువ్వు కల్పించావనుకున్నానే అక్కా. నిజంగానే అక్కడ ఉన్నావా?"

ఉంది. పిలుద్దామనే వెళ్ళింది. తీరా చెల్లి మాటలు చెవిన పడేసరికి, వాటిలో ఒక్క ముక్క కూడా మరిచిపోకూడదనిపించి అక్కడే నిలబడిపోయింది. ఇప్పుడది తలుచుకుంటే దర్శకురాలికి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ సిగ్గు రెండో సినిమాకి పనికొస్తుందేమోనని కూడా తోచింది.

"అందరికీ టీ చెప్పనా?" అంది.

టీ ఎవరికీ అక్కర్లేకపోయింది. అధికారి తీర్పు చెప్పేశాడు. ఆ సీను తీసేస్తే అక్క సంగతి విభాగం పట్టించుకోదు. ఉంచితే మాత్రం అక్క కనిపించినంతసేపూ 'అక్క ఆరోగ్యానికి హానికరం' అని పడాలి. (ఇందుకు ప్రత్యేక రుసుము ఏమీ లేదు. బంధువులకు మినహాయింపు ఉంది.)

"తీసెయ్యి అక్కా," అంది చెల్లి. ఈసారి గొంతులో బతిమాలడం లేదు.

"తీసేస్తానే, నీ మీద ఒట్టు. నేను తల్చుకుంటే ఎప్పుడైనా తీసెయ్యగలను. ఈ విడుదల ఒక్కటీ అయిపోనీ."

చెల్లి ఫక్కున నవ్వింది. గ్లాసు చేతిలో పట్టుకుని ఆ మాట తను ఎన్నేళ్ళు చెప్పిందో ఆమెకే తెలుసు. ఇంకేమీ అనకుండా మెషీను వైపు తిరిగి, అక్క మొహం పక్కన అక్షరాలు పేర్చడం మొదలుపెట్టింది.

"మరీ అంత పెద్దగా పెట్టకే," అంది దర్శకురాలు.

"ఎంత పెడితే ఏముందిలే అక్కా. అలవాటున్నవాళ్ళు ఎవరూ చదవరు. నేనెప్పుడైనా చదివానా?"

విడుదల రోజు ఆ హెచ్చరిక పడ్డప్పుడల్లా హాలంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా దర్శకురాలే నవ్వింది. పక్కన చెల్లి కోసం ఉంచిన సీటు ఖాళీగా ఉండటంతో, సంచి పెట్టుకోవడానికి చోటు దొరికింది.