ట్యాగు పెట్టి అబద్ధమాడండి!

ఫ్యాన్ ఫిక్షన్ రాసే పిల్లల చేతిలో మా పట్టణాన్ని పెట్టేయాలి! నవ్వకండి. నరీన్ నది ఒడ్డున ఇన్నేళ్లుగా అర్జీలు మోసి మోసి చెప్పులు అరగ్గొట్టుకున్నదాన్ని, ఊరికే అనను. ఈ లోకంలో నిజాయితీగా అబద్ధమాడేది వాళ్లొక్కరే!

మొదట్లో నేనూ మీలాగే తిట్టాను. మా వీధి లైబ్రరీలో గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్ చచ్చి ఇది రెండో చలికాలం. అర్జీకి సంతకాల కోసం వెళ్తే అక్కడ ఆయ్‌పెరీ అని ఓ పదిహేడేళ్ల పిల్ల, టీవీ సీరియల్లో చచ్చిపోయిన డాక్టర్ని తన కథలో బతికించేసి కూర్చుంది. ఫ్యాన్ ఫిక్షన్ అంటే అదేనట, ఇంకొకరి కథని మనకి నచ్చినట్టు తిరగరాయడం.

"చచ్చినవాడు చచ్చాడు గదే! సీరియల్ వాళ్లే పూడ్చిపెడితే తవ్వడానికి నువ్వెవరు?"

"పైన రాశాను కదా ఎజే, చదవకుండా అరుస్తారేం? ఫిక్స్-ఇట్. అసలు కథలో భరించలేనిది బాగుచేసుకోవడం."

ఎజే అంటే అక్క; అక్కా అంటూనే కసిరింది. నిజంగానే రాసుంది! కథకి ముందే ట్యాగులు. ఏది కల్పితం, ఎక్కడ ఏడుపొస్తుంది, ఎవరు పోతారు, అన్నీ! మన వీరగాథలు పాడేవాళ్లలో తరతరాలుగా ఒకే వీరుణ్ణి ఒకడు చంపుతాడు, ఇంకొకడు బతికిస్తాడు. ఒక్కడైనా ముందు చెప్పాడా?

అంతే, నాకు పిచ్చి పట్టింది. ప్రతిదానికీ ట్యాగు ఉండాలి!

పెళ్లి విందు పిలుపు మీద: "హెచ్చరిక: మాంసం వచ్చేలోపు నలభై ప్రసంగాలు." మా అత్తగారి గుమ్మం మీద: "హర్ట్-కంఫర్ట్." ముందు గాయం, ఆనక ఓదార్పు. గాయం ఆవిడే చేస్తుంది, వేడి సూపూ ఆవిడే పోస్తుంది! మా ఆయన గిన్నెలు తోమిన రోజున ఓఓసీ, అంటే పాత్ర తన స్వభావం తప్పింది అని. ఆ రోజు ఏం పగలగొట్టాడో ఇల్లంతా వెతుక్కోవాలి.

స్లో బర్న్ అని ఇంకోటుంది. రెండు లక్షల మాటలయ్యాక గానీ హీరో ఆమె చెయ్యి పట్టుకోడు. మరి నాకో? రెండో కప్పు టీ పూర్తికాకముందే అత్తగారు చెవులకి కమ్మలు తగిలించేసింది, సంబంధం ఖాయం! నా రెండు లక్షల మాటలు ఎవరు తిన్నారమ్మా?

"నీకేం ట్యాగు పెట్టాలి?" అంది లైబ్రేరియన్ కనిషాయ్ ఎజే, కోటు గుండీలు పెట్టుకుంటూ. "'గొంతు పెద్దది, దూరంగా కూర్చోండి' అనా?"

పెట్టండి! నాకేం భయం?

ఆ వారమే మా అర్జీకి నగరపాలక ఆఫీసు నుంచి జవాబొచ్చింది. పిల్లలందరి ముందూ చదివాను. "పఠన మందిరమున ఇరవై రెండు డిగ్రీల వెచ్చదనం కలదు. నగర సభ డిప్యూటీగారు స్వయముగా విచ్చేసి బాయిలర్ బాగుచేయించిరి. పాఠకులు సంతోషముగా నున్నారు. పాఠకులు రానందున జనవరిలో లైబ్రరీ మూసివేయబడును."

నా నోట్లోంచి ఆవిరొస్తోంది. ఆయ్‌పెరీ కాగితం లాక్కుంది.

"ఇది ఏయూ, ఎజే! మన లోకం కాదు, ఇంకో లోకం. ఈ డిప్యూటీ మేరీ స్యూ. ఏ తప్పూ చెయ్యడు, ముట్టుకున్నదల్లా బాగైపోతుంది. ఇక్కడ చూడండి, పాఠకులు సంతోషంగా ఉన్నారు. కింద వాక్యంలో పాఠకులే లేరు! అచ్చుకి ముందు ఓ ఫ్రెండుకి చూపించి దిద్దించుకోవద్దూ?"

"మరి ట్యాగులేవే?"

"ఒక్కటీ లేదు. మేం కథలు పెట్టే సైట్లో ఇలా పెడితే తన్ని తగిలేస్తారు."

విన్నారా, ఆఫీసు దొరలూ? రాయకండి అనడం లేదు. రాయండి! మీకు మంచి ఊహాశక్తి ఉంది, మా పిల్లలకంటే ఎక్కువే ఉంది. కాగితం పైన ఒక్క ముక్క పెట్టండి చాలు: "ఏయూ. ఇందులో బాయిలర్ పనిచేస్తుంది." అప్పుడు టీలో రొట్టె ముంచుకుంటూ హాయిగా చదువుకుంటాం, చప్పట్లు కొడతాం, తర్వాతి అధ్యాయం ఎప్పుడని అడుగుతాం!

ఆయ్‌పెరీ కొత్త కథ మొదలెట్టింది. ఆ డాక్టరు మా లైబ్రరీకొస్తాడట. గది వెచ్చగా ఉంటుందట. జనవరి వస్తుందట, తలుపు తెరిచే ఉంటుందట. కనిషాయ్ ఎజే కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తుందట. పైన మాత్రం పద్ధతిగా రాసింది: "ఫిక్స్-ఇట్. నిజంలో ఇలా జరగలేదు."

వేళ్ల కొసలు కత్తిరించిన ఉన్ని చేతితొడుగులు వేసుకుని రాసింది.