డోలక్ మనిషి వద్దు, కాలి మెషినే ముద్దు

పాటలు పాడుకునే వాళ్లందరికీ నాదొక ఉచిత సలహా. పక్కన కూర్చుని డోలక్ వాయించే మనిషిని ఇవాళే మానిపించండి. కాలితో తొక్కితే మోగే డ్రమ్ మెషిన్ ఒకటి కొనుక్కోండి. కళకూ, కళాకారుడి ఒంటికీ అంతకు మించిన మేలు లేదు!

మొన్న జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్‌కు వెళ్లాను. గిటార్ పట్టుకున్నాయన ఒక్కడే స్టేజీ మీద కూర్చుని, కాలి కింద పెడల్ తొక్కుతూ రెండు గంటలు పాడాడు. బయటికొచ్చాక నా ఈడు వాళ్లు కొందరు మూతులు విరిచారు. "మనిషి లేని దరువు గూడ దరువేనానే?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మెషిన్ విలువ వీళ్లకేం తెలుసు? నాకు తెలుసు. మా పాత కరీంనగర్ జిల్లాలో ఆ పెడల్ మీద మొట్టమొదట పడ్డ కాలు బహుశా నాదే.

అది 1991. నా పేరు లక్ష్మీరాజం. సిరిసిల్లలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే చిన్న దుకాణం నాది. పెళ్లిళ్లకు, జాతరలకు పిలిస్తే వెళ్లి గిటార్ వాయిస్తూ పాడేవాణ్ని. గిటార్ నేర్పింది కోరుట్ల చర్చిలో పాడే యోహాను. పక్కన డోలక్ వాయించేది మార్కండేయులు. అతను మరమగ్గం మీద పనిచేసేవాడు. ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. పదేళ్ల జోడీ మాది.

అయ్యా, ఆ పదేళ్లు నేను పడ్డ కష్టాలు వినండి. మగ్గం దిగి వచ్చేసరికి అతని జుట్టు నిండా దూది. కార్యక్రమానికి ముందు ఒక చాయ్, మధ్యలో ఒక చాయ్. పోనీ వచ్చినవాడు వచ్చినట్టు వాయిస్తాడా? నా మొహంలోకి చూస్తూ వాయిస్తాడు! నాకు దమ్ము చాలకపోతే తానే దరువు నెమ్మది చేస్తాడు. నేను చరణం మరిచిపోతే, గుర్తొచ్చేదాకా వేళ్లతో ఏదో గమ్మత్తు చేసి జనాన్ని ఆపుతాడు. పెళ్లికూతుర్ని సాగనంపే పాట వస్తే అరచేయి ఎత్తేసి వేలికొసలతో మాత్రమే తడతాడు. అంతే, ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకుంటారు. శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఈ ఏడుపులెందుకు చెప్పండి?

వీటన్నిటికంటే పెద్ద దోషం, అతనికి ఒక డోలక్ ఉంది.

ఆ కాలంలో మా వైపు డోలక్ అంటే వాయిద్యం కాదు, అనుమానం. అడవిలో అన్నలు, అంటే నక్సలైట్లు, పాటలు కట్టేవాళ్లు. ఆ పాటలకు దరువు కావాలి. కాబట్టి దరువు వేసే ప్రతివాడూ అన్నల మనిషే! అంత చక్కటి లెక్క ఏ బడిలోనూ చెప్పరు. ఒకసారి రుద్రంగి నుంచి వస్తుంటే తనిఖీలో ఒక పోలీసాయన డోలక్ లోపల ఏముందో చూద్దామని తోలును కత్తితో చీల్చాడు. లోపల గాలి తప్ప ఏమీ లేదు. పాపం, ఎంత నిరాశపడ్డాడో! మార్కండేయులు ఇంటిదాకా ఆ తోలును అరచేత్తో నిమురుతూనే ఉన్నాడు. నాకు భయం పట్టుకుంది.

సరిగ్గా ఆ నెలలోనే యోహాను బావమరిది దుబాయి నుంచి ఒక పెట్టె తెచ్చాడు. అన్నం డబ్బాకంటే కొంచెం పెద్దది. ఎనిమిది రకాల దరువులు. ఒక వైరు, దాని చివర కాలితో తొక్కే పెడల్. తొక్కితే ఎర్రలైటు వెలిగి దరువు మొదలు, మళ్లీ తొక్కితే బంద్. కోరుట్లలో వాడేవాడు లేక అది నా చేతికొచ్చింది. బ్యాటరీలతో నడిచేలా సరిచేసి, చిన్న స్పీకర్ కూడా నేనే బిగించాను.

మార్కండేయులుకు ఎలా చెప్పాలి? "పెగడపల్లి పెండ్లికి మటుకు ఇది కొండవోత. ఒక్కసారి చూద్దామని," అన్నాను.

అతను పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిదే బావా. ఇది చాయ్ గూడ తాగది గద. నా వంతు చాయ్ నువ్వే తాగు," అని నవ్వి వెళ్లిపోయాడు.

పెగడపల్లిలో అనంత్ రావు గారింట్లో పెళ్లి. ఒకప్పుడు ఊరికి దొరలు, ఇప్పుడు వ్యవసాయం. పెళ్లికొడుకు పందిట్లోకి వస్తుంటే తొక్కాను. అది పోలీసు కవాతు దరువు! మగపెళ్లివారంతా తమకు తెలియకుండానే కుడి ఎడమ, కుడి ఎడమ అంటూ అడుగులు కలిపి వచ్చారు. అంత క్రమశిక్షణ గల బారాత్ నేను మళ్లీ చూడలేదు. అప్పగింతల పాటకు బటన్ తప్పుగా నొక్కాను, డిస్కో మొదలైంది. పెళ్లికూతురు ఏడుస్తోంది, పెళ్లికొడుకు మేనమామ డ్యాన్సు మొదలుపెట్టాడు! అనంత్ రావు గారు నా దగ్గరికొచ్చి, "ఏందయ్యా రాజం, మా బిడ్డను అత్తగారింటికి తోలుతున్నమా, సర్కస్‌కు తోలుతున్నమా?" అన్నారు. అయితేనేం? ఒక్క కన్నీటి చుక్క ఎక్కువ తక్కువ కాలేదు. కార్యక్రమం నిమిషం తేడా లేకుండా ముగిసింది.

తరువాత బోయినపల్లి. అక్కడి యువజన సంఘం వాళ్లు మొండివాళ్లు. మార్కండేయులు డోలక్ లేకపోతే మీరూ రావద్దన్నారు. సరే, మెషిన్ నా సంచీలో, డోలక్ అతని సంచీలో, ఇద్దరం పొద్దున బస్సెక్కాం.

వేములవాడ దాటాక పోలీసులు బస్సు ఆపారు. అందర్నీ దింపి, సంచులు రోడ్డు పక్కన వరుసగా పెట్టించారు. ఎస్సై కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. నా సంచీలోంచి పెట్టె బయటికొచ్చింది. వైర్లు, ఎర్రలైటు, పెడల్.

"ఏంట్రా ఇది?"

"డ్రమ్ మెషిన్ సార్. కాలుతోని తొక్కితే మోగుతది."

ఎస్సై రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన తప్పేం లేదు. ఆ రోజుల్లో ఆ దారుల్లో కాలు పడితే మోగేది ఒక్కటే ఉండేది, మందుపాతర.

"దూరంగా తీసుకుపో. నువ్వే తొక్కు," అన్నాడు.

మక్కజొన్న కోసేసిన చేను మధ్యలోకి నడిచాను. ప్రయాణికులంతా బస్సు వెనక దాక్కున్నారు. పోలీసులు రోడ్డు పక్క కాలువలో పడుకుని తుపాకులు గురిపెట్టారు. ఒక ముసలమ్మ, "వద్దు కొడుకా, తొక్కకురా!" అని ఏడ్చింది. నా జీవితంలో అంత శ్రద్ధగా వినడానికి సిద్ధమైన శ్రోతలు మరెన్నడూ దొరకలేదు.

తొక్కాను. టిక్కు టిక్కు టమ్మని దరువు మొదలైంది. కాలువలో ఒక కానిస్టేబుల్ బూటు దానంతటదే తాళం వేసింది. అందరూ నవ్వారు. ఎస్సై కూడా నవ్వాడు. నేను ఆ పెట్టెను ఎత్తుకుని రోడ్డు మీదికొచ్చాను.

అప్పుడు ఎస్సై రెండో సంచీ విప్పాడు. నవ్వు ఆగిపోయింది.

"ఈ డోలక్ ఎవరిది?"

"నాదే సార్," అన్నాడు మార్కండేయులు.

"ఎవరి పాటలకు వాయిస్తావు?"

"మా బావకు సార్. గాయినెకే." నన్ను చూపించాడు.

ఎస్సై నా వైపు తిరిగాడు. "నిజమేనా? నీతోనే వాయిస్తాడా?"

పాఠకులారా, మెషిన్ అసలు గొప్పదనం ఇక్కడ తెలిసింది. మెషిన్ లేకపోతే నేనేం చెప్పగలిగేవాణ్ని? నా చేతుల్లో సాక్ష్యం ఉంది కదా! పెట్టెను కొంచెం పైకెత్తి చూపించాను.

"లేదు సార్. నాకు మెషిన్ ఉన్నది గద. నాకు డోలక్ మనిషితోని పని లేదు."

ఎంత చక్కటి జవాబు! ఎస్సైకి కూడా నచ్చింది. నన్ను బస్సెక్కమన్నాడు. మార్కండేయులును జీపెక్కమన్నాడు. బస్సు కదిలేటప్పుడు అతను నా వైపు చూశాడు. నేను చరణం మరిచిపోయినప్పుడు చూసే చూపే. కానీ ఈసారి ఏ గమ్మత్తూ చేసి నన్ను ఆదుకోవడానికి అతని చేతిలో డోలక్ లేదు.

బోయినపల్లిలో కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది. డోలక్ మనిషికి జ్వరమని చెప్పాను. మూడుసార్లు పాట మధ్యలో నేను ఆగిపోయాను. దరువు మాత్రం ఆగలేదు. మనిషైతే నా మొహం చూసి ఏమైందని ఆగేవాడు. మెషిన్‌కు ఆ చెడ్డ అలవాటు లేదు.

ఒక స్టేషన్‌లో అతన్ని తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. ఏ దళానికి వాయిస్తావని అడిగారట. చెప్పడానికి అతని దగ్గర ఏముంది? డోలక్ లోపల ఉన్నదే అతని లోపలా ఉంది. పదో రోజు వదిలిపెట్టారు. కుడిచేతి వేళ్లలో మూడు వంగడం మానేశాయి. వేళ్లు వంగకపోతే తెగిన పోగులు అతికేదెట్లా? మగ్గాల యజమాని మర్యాదగా వేరే మనిషిని పెట్టుకున్నాడు.

నేను ద్రాక్షపళ్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మార్కండేయులు భార్య సరోజన గడపలో నూలు కండెలు చుడుతోంది. తలెత్తలేదు.

"బస్సు కండక్టర్ చెప్పిండన్నా నాకు, మా ఆయినెను జీపెక్కిచ్చిన్రని. మూడు దినాలకు," అంది. "నువ్వు మా గల్లీ మీదికెల్లే గద దుకాణానికి పోతవ్."

"భయమైంది చెల్లె."

"భయం అందరికైతది. మా ఆయినెకు గాలేదా? నీ పేరు జెప్పి దప్పించుకుందామని జూసిండా? నువ్వు ఒక్క మాట, ఔ సార్, నాతోనే వాయిస్తడు అంటె, ఏమైతుండెనో నాకు తెల్వది. ఇద్దర్ని గుంజుకపోతుండెనో ఏమో. గని గా ఒక్క మాట ఉండాల్నా లేదా?"

లోపల మంచం మీద నుంచి మార్కండేయులు, "ఊకోవే, బావను లోపటికి రానీ," అన్నాడు. నేను లోపలికి వెళ్లలేకపోయాను. ద్రాక్షపళ్లు గడప మీద పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత మూడు నెలలు మెషిన్‌తో ఒక్కణ్నే తిరిగాను. పేరొచ్చింది. తప్పు పట్టేవాడు లేడు, చాయ్ అడిగేవాడు లేడు. ఇంతకంటే ఏం కావాలి ఒక కళాకారుడికి? రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడానికి మెషిన్‌కు సంబంధం లేదని డాక్టరు కూడా చెప్పాడు.

ఒకరోజు మధ్యాహ్నం మార్కండేయులు మా దుకాణానికి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. అతను స్టూలు మీద కూర్చున్నాడు.

"గా డబ్బ ఒకసారి బయటికి తియ్యి బావా."

తీశాను. చెప్పు విడిచి పెడల్ మీద కాలు పెట్టాడు. "పాడు," అన్నాడు. సాగనంపే పాట ఎత్తుకున్నాను. నేను ఇన్నాళ్లూ దాన్ని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తొక్కేవాణ్ని. అతను పాట నడుమ తొక్కాడు. దరువు ఆగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. మళ్లీ తొక్కాడు. నా మొహంలోకి చూస్తూ తొక్కుతున్నాడు! పల్లవి చివర నేను పాడలేక ఆగిపోతే, తానూ ఆపేసి కూర్చున్నాడు. నేను తేరుకునేదాకా మొదలుపెట్టలేదు.

"బావా, గా దినం నేను..." అన్నాను.

"తెలుసు. మల్ల చరణం పాడు," అన్నాడు.

మాఘమాసంలో మా నేతకారుల వాడలో మార్కండేయ జయంతికి సాయంత్రం పాటలు పెట్టారు. జనం బాగా వచ్చారు. జనం ఉంటే కానిస్టేబుల్ ఉంటాడు. వెనక గోడకు ఆనుకుని, చేతిలో చిన్న నోటు పుస్తకంతో నిలబడ్డాడు. ఎవరెవరు పాడారు, ఎవరెవరు వాయించారు అని రాసుకుపోవడం ఆయన పని. మార్కండేయులు నా పక్కన చాప మీద కూర్చుని పెడల్‌ను కాలి కిందికి లాక్కున్నాడు. సరోజన ఆడవాళ్ల వరసలో ఉంది.

కమిటీ పెద్దమనిషి మైకులో, "ఇప్పుడు మన లక్ష్మీరాజం, ఒక్కడే, ఫారిన్ మెషిన్‌తోని పాడుతడు!" అన్నాడు. చప్పట్లు మోగాయి.

మైకు అందుకున్నాను.

"ఒక్కన్ని గాదు. నా పక్కన మార్కండేయులున్నడు. పదేండ్ల సంది నాకు వాయించేది ఈయినెనే. ఇయ్యాల గూడ ఈయినెనే," అన్నాను.

మార్కండేయులు నా వైపు చూడలేదు. పెడల్ తొక్కాడు. నేను పాట ఎత్తుకున్నాను. ఆ రోజు దరువు ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు పరుగెత్తిందో లెక్కలేదు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. క్రమశిక్షణ మొత్తం మంటగలిసింది.

పాటలయ్యాక కానిస్టేబుల్ నా దగ్గరికొచ్చి పెన్ను తీశాడు. నా పేరు ఆయనకు తెలుసు. వాయించిన మనిషి పేరు మరోసారి చెప్పమన్నాడు. చెప్పాను. తండ్రి పేరు అడిగాడు. చెప్పాను. ఏ గల్లీ, మీ ఇద్దరికీ ఏం సంబంధం అని అడిగాడు. అదీ చెప్పాను. అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకుని, కిందికి వంగి ఆ పెట్టెను ఒకసారి చూసి, పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మెషిన్ పేరు మాత్రం ఆయన అడగనేలేదు.