చేపలకు మాత్రమే మంచినీళ్ళు

సంసారమన్నాక ఇంట్లో ఒక ఉప్పునీటి అక్వేరియం ఉండి తీరాలి!

ఫ్రిజ్ లేకపోతే ఏ పూటకి ఆ పూట వండుకోవచ్చు. సోఫా లేకపోతే చాప పరుచుకోవచ్చు. సముద్రపు చేపలు ఈదే గాజు తొట్టి మాత్రం లేకుండా కుదరదని నా నిశ్చితాభిప్రాయం. కరెంటు దండగ, హాల్లో చోటు దండగ, ఇంటాయన ఇక పిలిస్తే పలకడు అని మీరు వంకలు పెడతారని తెలుసు. ఆ వంకలన్నీ నేను ముందే పెట్టేశాను. ఇప్పుడు జ్ఞానోదయమై, మీ మేలు కోరి చెబుతున్నాను, వినండి.

అక్వేరియం వల్ల లాభాలు చాలా ఉన్నాయి. అందులో మొదటిది, మగవాళ్ళకి నీళ్ళంటే ఏమిటో తెలుస్తుంది. మిగతా లాభాలు నాకు గుర్తులేవు. ఆ ఒక్కటీ చాలు.

నమ్మరా? అయితే మావారి సంగతి చెప్పాలి.

మావారు ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తారు. అది పొట్టకూటి కోసం. ఆయన అసలు హోదా మా అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీ. గేటు, మెట్ల దగ్గర లైట్లు, చెత్తడబ్బాలు, డాబా మీద నీళ్ళ ట్యాంకు, అన్నీ ఆయన ఏలుబడిలోవే. ఆ ట్యాంకులోంచి మాకు నీళ్ళు వస్తాయి. కుళాయి తిప్పగానే ముందు చప్పుడు వచ్చేది, తరవాత రంగు, ఆ తరవాత వాసన. నీళ్ళు అందరికన్నా వెనక, కాస్త సిగ్గుపడుతూ వచ్చేవి.

ఆ నీళ్ళు మా అత్తగారికి పడలేదు. నాలుగు ముద్దలు తిని గ్లాసు ఎత్తేవారు, వాసన చూసేవారు, ముఖం అటు తిప్పుకుని గడగడా మింగేసేవారు. ఆనక కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుని పడుకునేవారు. చూస్తూ చూస్తూ మనిషి సగమైపోయారు. డాక్టరుగారు మందులు రాస్తూ, ఓసారి నీళ్ళు మార్చి చూడండి అన్నారు.

మావారు మందులు మాత్రం తెచ్చారు.

“నీళ్ళల్లో ఏముంటుందమ్మా! నీళ్ళంటే నీళ్ళే. బిల్డింగంతా అవే తాగుతోంది. నీది వయసు వల్ల వచ్చిందే” అని కన్నతల్లికి సర్టిఫికెట్ ఇచ్చేశారు.

పోనీ ఇంట్లో ఒక ఫిల్టర్ పెట్టిద్దామండీ అని బతిమాలాను. ఎంత మాట అనేశానో అన్నాక గానీ తెలియలేదు! బిల్డింగు నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని మీటింగుల్లో చెప్పే సెక్రటరీయే ఇంట్లో ఫిల్టర్ పెట్టుకుంటే ఇంకేమైనా ఉందా? పరువేం కాను? కింద ఫ్లాట్ టీచరమ్మగారు అప్పటికే నీళ్ళ గురించి ఎక్కడ కనబడితే అక్కడ నిలదీస్తున్నారు. అందుకని మా ఇంట్లో ఫిల్టర్ లేదు, పరువు ఉంది. అత్తగారు పరువు తాగుతూ కడుపునొప్పి పడుతున్నారు.

ఇలా ఉండగా మావారికి పన్ను నొప్పి వచ్చింది. ఆ పన్ను ఎంత పుణ్యం చేసుకుందో!

పన్ను పీకించుకోవడానికి వెళ్ళిన మనిషి డెంటిస్టుగారి వెయిటింగ్ రూములో నారింజ రంగు చేప ఒకదాన్ని చూశారు. మధ్యలో తెల్లటి చారలట. అది గాజు వెనకనుంచి ఈయన వంకే చూసిందట. దాంతో మనసు పారేసుకున్నారు. పన్ను అక్కడ వదిలేసి అక్వేరియం ఇంటికి తెచ్చారు.

ఖాళీ తొట్టి హాల్లోకి రావడం, మా ఇంట్లో నీళ్ళ శకం మొదలవడం ఒకేసారి జరిగాయి. ఏ నీళ్ళు పోయాలి? ఇదీ ప్రశ్న! “కుళాయి నీళ్ళు పోసెయ్యండి, నీళ్ళంటే నీళ్ళే కదా” అన్నాను. మావారు నన్ను చూసిన చూపు, హంతకురాలిని కూడా ఎవరూ అలా చూడరు.

ముందు మా కుళాయి నీళ్ళనే పరీక్ష చేశారు. చిన్న చిన్న గొట్టాలు, చుక్కల మందులు, పట్టీలు. ఒక గొట్టంలోని నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి, ఇంకోదానిలోవి ఆకుపచ్చకి తిరిగాయి, మావారి ముఖం తెల్లగా పాలిపోయింది. నైట్రేట్లున్నాయట. రాగి ఉందట. ఇవన్నీ చేప ఒంటికి పడవట. పాపం, ఆ పూట ఆయనకి అన్నం సహించలేదు.

సముద్రానికి వెళ్ళి నాలుగు బిందెలు తెచ్చుకుంటే పోలేదా, అనుకుంటున్నారా? నేనూ అదే అనుకున్నాను. కూడదట! ఒడ్డు దగ్గర సముద్రం శుభ్రంగా ఉండదని చేపల షాపతను చెప్పాడట. సముద్రపు చేపకి సముద్రం పనికిరాదని అంటుంటే, వింటున్న నాకు తల తిరిగింది.

వాన నీళ్ళు? డాబా మీది దుమ్మంతా కడుక్కుని వస్తాయి, వద్దు. సీసా నీళ్ళు? దానికోసం మావారు సూపర్ మార్కెట్లో కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క సీసా వెనక అచ్చువేసిన చిన్నక్షరాలన్నీ చదివారు. ఎవరో ఇన్‌స్పెక్టర్ దిగాడనుకుని మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చి కుర్చీ వేసి కూల్‌డ్రింక్ ఇప్పించాడు. మావారు కూల్‌డ్రింక్ తాగి, సీసా నీళ్ళు కూడా తగవని తీర్పు చెప్పి వచ్చారు.

ఎవరండీ అన్నది, మగవాళ్ళకి ఇంటి విషయాలు పట్టవని? పెళ్ళిచూపుల్లో నన్ను ఇంత జాగ్రత్తగా చూడలేదు!

చివరికి ఒక మెషిన్ వచ్చింది. నీళ్ళని ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి, అందులోంచి మరో గొట్టంలోకి తిప్పి, ఉన్న మలినాలన్నిటినీ పట్టేసి, చివర్న ఉత్త నీళ్ళని మాత్రం వదిలే మెషిన్. ఆ నీళ్ళల్లో ప్రత్యేకమైన ఉప్పు కలిపితే ఇంట్లోనే సముద్రం తయారు. మా వంటింట్లో, మా సింకు పక్కనే బిగించారు. మరి పరువో? చేపల కోసం కదా, పరువుకొచ్చిన భంగమేమీ లేదట! అయితే గొట్టం మీద “చేపలకు మాత్రమే” అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించారు.

ఆ నీళ్ళు గొట్టం వెంట వెళ్ళి బాల్కనీలో ఉన్న నీలం డ్రమ్ములో పడతాయి. మావారి దగ్గర పెన్నులాంటి మీటర్ ఒకటుంది. నీళ్ళల్లో ముంచితే అందులో ఎంత సరుకు కలిసి ఉందో అంకె చూపిస్తుంది. సున్నా వస్తే స్వచ్ఛం. మా కుళాయి నీళ్ళల్లో ముంచితే ఆ అంకె టెలిఫోన్ నంబరులా ఉంది. మెషిన్ గొట్టం కింద పెడితే సున్నా! మావారు ఆ సున్నాని నాకు చూపించారు, వాచ్‌మన్‌కి చూపించారు, పేపరబ్బాయికి చూపించారు.

అక్కడే కథ అడ్డం తిరిగింది. గొట్టం దగ్గర సున్నాగా ఉన్న నీళ్ళు, ఆయన ఆఫీసుకి వెళ్ళి వచ్చేసరికి డ్రమ్ములో సున్నాగా ఉండటం లేదు! ఉప్పు కలపకముందే ఏదో కలిసిపోతోంది. రోజురోజుకీ అంకె పెరుగుతోంది. డ్రమ్ము లోపం అనుకుని కొత్త డ్రమ్ము కొన్నారు. దుమ్ము పడుతోందని మూత వేశారు. మీటర్ మీద అనుమానమొచ్చి ఇంకో మీటర్ తెచ్చారు. బాల్కనీలో వాలే పావురాలను కాసేపు నిలబెట్టి ప్రశ్నించారు కూడా. లాభం లేకపోయింది. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ హడావుడిలో ఇంట్లో ఇంకో చిత్రం జరిగింది, దాని గుట్టు ఎవరికీ అంతుపట్టలేదు. అత్తగారు మారు అడిగి వడ్డించుకుంటున్నారు. భోజనం చేసి, కడుపు పట్టుకోకుండా, కాళ్ళు చాపుకుని కూర్చుని పాతపాటలు కూనిరాగం తీస్తున్నారు. డాక్టరుగారి మందు పనిచేసిందనుకుని నేను ఆయన హస్తవాసి గురించి నలుగురికీ చెప్పాను.

ఆఖరికి తొట్టిలో నీళ్ళు పోసే రోజు రానే వచ్చింది. చేపలు ఇంకా రాలేదు సుమండీ! నీళ్ళు కుదురుకున్నాక కొన్ని వారాలకి గానీ అవి రావట. అయినా మావారు నీళ్ళకే ప్రారంభోత్సవం పెట్టి బిల్డింగు వాళ్ళందరినీ పిలిచారు. నీళ్ళు చూడ్డానికి జనం వస్తారా అనుకున్నాను. బిస్కెట్లు కూడా ఉన్నాయంటే వచ్చారు. టీచరమ్మగారు ముందు వరసలో కూర్చున్నారు. నేను ట్రేలో గ్లాసులు పెట్టి అందరికీ మంచినీళ్ళు ఇచ్చాను. మా కుళాయివే, ఇంకెక్కడివి?

చేపల షాపతను వచ్చి అందరి ముందూ డ్రమ్ములో మీటర్ ముంచాడు. తల గోక్కున్నాడు.

“సార్, మెషిన్ బాగానే ఉంది. ఈ డ్రమ్ములో ఎవరో కుళాయి నీళ్ళు కలుపుతున్నారు.”

మావారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

“కుళాయి నీళ్ళా? ఈ బిల్డింగు కుళాయి నీళ్ళా? నేను టెస్ట్ చేశాను కదయ్యా! అందులో ఉన్న చెత్తకి చేప ఒక్క పూట బతకదు! తెలిసి తెలిసి ఆ విషాన్ని నా ఇంట్లో ఎవరు పోస్తారు?”

అంతమంది చేతుల్లో అన్ని గ్లాసులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. టీచరమ్మగారు తన గ్లాసుని మెల్లిగా ట్రేలో పెట్టారు.

“సెక్రటరీగారూ, ఆ విషం మేం రోజూ తాగుతున్నామండీ.”

“అబ్బే, మీకేం కాదండీ! చేప అంటే చిన్న ప్రాణి. మీరంటే…” అని మావారు ఆవిడని కింది నుంచి పైదాకా చూసి, వాక్యం ఎలా ముగించాలో తెలియక నీళ్ళు నమిలారు. తప్పించుకోవడానికి ఇటు తిరిగి, “ఇంతకీ నా డ్రమ్ములో చెయ్యి పెట్టిందెవరు?” అని గర్జించారు.

“నేనేరా” అన్నారు మూల కుర్చీలోంచి అత్తగారు.

అందరూ అటు తిరిగారు. ఆవిడ బిస్కెట్ తినడం ఆపలేదు.

“నువ్వు ఆఫీసుకెళ్ళాక రోజూ ఓ చెంబుడు ముంచుకుంటున్నా. ఊరికే కాదులే. ఎన్ని ముంచుకున్నానో అన్నీ కుళాయిలో పట్టి మళ్ళీ పోసేస్తున్నా. నోరులేని జీవాల సొమ్ము నాకెందుకు?”

“అమ్మా! అవి చేపల నీళ్ళు!”

“తెలుసురా. మనుషుల నీళ్ళు అరగట్లేదనే కదా వాటి జోలికెళ్ళింది.”

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. కన్నకొడుకు ఇంట్లో, కొడుకు లేనప్పుడు చూసి, చాటుగా మంచినీళ్ళు తాగింది ఆవిడ. తాగినందుకు చేపలకి అన్యాయం జరగకూడదని కూడా చూసుకుంది. ఆ ఇంట్లో ఎవరికి న్యాయం జరుగుతోందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ తరవాత టీచరమ్మగారు ముందు, బిల్డింగంతా ఆవిడ వెనక, అందరూ డాబా ఎక్కారు. ట్యాంకు మూత సగం విరిగి ఉంది. లోపల అడుగున బురద పేరుకుని ఉంది. బురదలో ఒక చెప్పు. ఒక్కటే! రెండోది ఎవరి కాలికుందో ఒప్పుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ట్యాంకు కడిగించారు. కొత్త మూత వేయించారు. మావారు గేటు దగ్గర నోటీసు కూడా అతికించారు: “అక్వేరియం మెషిన్ ఫిల్టర్లు త్వరగా పాడగుచున్నందున ట్యాంకు శుభ్రం చేయబడినది.”

“అమ్మ కోసమని రాయొచ్చు కదండీ?” అని అడిగాను.

“సంఘం పనుల్లో సొంత మనుషుల్ని తీసుకురాకూడదు” అన్నారు. ఎంత నిజాయితీపరుడో చూశారా!

ఇప్పుడు మా కుళాయిలో నీళ్ళు రంగు, వాసన తోడు లేకుండా ఒంటరిగా వస్తున్నాయి. తొట్టిలోకి నారింజ రంగు చేపలు వచ్చాయి. అత్తగారు వాటి ఎదురుగా కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి, “మీ చలవేనర్రా” అని వాటికి చెబుతుంటారు. బిల్డింగంతా ఎన్నాళ్ళో అరిచినా కానిది, అప్పటికింకా పుట్టింట్లోనే ఉన్న రెండు చేపల వల్ల అయింది. అక్వేరియం గొప్పదనం ఇప్పటికైనా ఒప్పుకుంటారా?

మీ బిల్డింగులోనూ ఏదో ఒక ఇబ్బంది ఉండే ఉంటుంది. అర్జీలు పెట్టకండి, మీటింగుల్లో గొంతు చించుకోకండి. ఆ ఇబ్బంది పడలేని జంతువునొకదాన్ని తెచ్చి పెంచుకోండి.

నేనైతే ఒక పెద్ద తాబేలు కోసం వెతుకుతున్నాను. మా లిఫ్టు ఆగిపోయి చాలా కాలమైంది. మోకాళ్ళ నొప్పులతో అత్తగారు కిందికి దిగడమే మానేశారు. మావారితో అంటే, మెట్లెక్కడం ఆరోగ్యానికి మంచిదన్నారు. తాబేలు మెట్లెక్కలేదని చెబితే మాత్రం, పాపం, ఇట్టే నమ్ముతారు.